జీవకణానికి మర కొలత: ప్రామాణీకరణ వాదంపై విమర్శ

బేగంబజార్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో మామూలు ఎం-8 బోల్టు కొనండి. నాలుగు దుకాణాల అవతల దానికి నట్టు అడగండి. సరిపోతుంది. ఆ కొలతకు రెండు మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లని తయారీదారులందరూ ముందే ఒప్పుకున్నారు. అదే బజారులో ఎండుమిర్చి కొనే వ్యాపారి మాత్రం బస్తా విప్పించి, నాలుగు కాయలు విరిచి, వాసన చూసిగాని బేరం ఆడడు. జీవకణాన్ని మిర్చి బస్తాలా కాక బోల్టులా వాడుకోవచ్చునన్నదే ఈ పాఠంలో మనం పరిశీలిస్తున్న వాదం.

సింథటిక్ బయాలజీలో ఈ వాదాన్ని స్పష్టంగా చెప్పినది డ్రూ ఎండీ 2005లో 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసం. ప్రామాణీకరణ, రూపకల్పనను తయారీ నుంచి విడదీయడం, లోపలి వివరాలను మరుగుపరచి పై స్థాయిలో పనిచేయడం అనే మూడు సూత్రాలను ఆయన ఇంజనీరింగ్ నుంచి తెచ్చారు. అంతకు రెండేళ్ల ముందే టామ్ నైట్ 'బయోబ్రిక్' ప్రమాణాన్ని రూపొందించారు. ప్రతి డీఎన్ఏ ముక్కకూ ఒకే తరహా కొసలుంటే ఏ ముక్కనైనా మరో ముక్కతో అతికించవచ్చు. ఈ కృషిని తేలిగ్గా తీసేయకండి. అంతకు ముందు ప్రతి అతుకుకూ కొత్త ఉపాయం వెతుక్కోవలసి వచ్చేది.

అయితే అతుకు దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. ఆ ప్రమాణంలో రెండు ముక్కల నడుమ ఎనిమిది అక్షరాల మచ్చ మిగులుతుంది. ప్రొటీన్ సంకేతాన్ని కణం మూడేసి అక్షరాలుగా చదువుతుందని మీరు ఇంతకుముందే చదివారు. ఎనిమిది మూడుతో భాగింపబడదు. అందువల్ల రెండు ప్రొటీన్లను ఒకటిగా కలపడానికి ఇది పనికిరాలేదు. దానికోసం వేరే ప్రమాణాలు పుట్టాయి.

అంతకన్నా పెద్ద లోపం, అతుకు కుదిరితే పనితీరూ కుదురుతుందని ఆశించడం. ఒకే ప్రమోటర్ బలం పోషక ద్రవాన్ని బట్టి, ఉష్ణోగ్రతను బట్టి, పక్కనున్న జన్యువును బట్టి మారుతుంది. పైగా బోల్టు పిల్లల్ని పెట్టదు. బాక్టీరియా పెడుతుంది, మనం మోపిన బరువును ఉత్పరివర్తనతో వదిలించుకున్న పిల్లలే త్వరగా పెరుగుతాయి. నేనూ చాలాకాలం తరగతిలో పిల్లల ఆట ఇటుకల పోలిక చెప్పాను. ఇప్పుడు చెప్పను.

నా దృష్టిలో మేలైన దారి 2009లో కెల్లీ బృందం చూపినది. ప్రమోటర్ బలాన్ని విడిగా కాక ఒక ప్రమాణ ప్రమోటర్‌తో పోల్చి చెప్పినప్పుడు పరికరాల వల్ల, ప్రయోగ పరిస్థితుల వల్ల వచ్చే తేడా సుమారు సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉందని మరవకండి. ఇక్కడ ప్రామాణికమైనది కొలత, వస్తువు కాదు. బజారులో ప్రభుత్వ ముద్ర తూకం రాళ్లకే గాని మిర్చికి ఉండదు కదా.

మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును ఈస్టులో పెట్టి చేసే టీకా అది. ఒకసారి పనిచేసిన కణాన్ని నమ్మి ఇలాంటి టీకాను ఎవరూ విడుదల చేయరు; పెంపకం పరిస్థితులను గట్టిగా అదుపులో ఉంచుతారు, ప్రతి బ్యాచ్‌నూ పరీక్షిస్తారు.

ఇప్పుడు ఎండీ వ్యాసాన్ని మళ్లీ చదవండి. 'ప్రమాణం' అన్న మాట ఎక్కడ అతుకును, ఎక్కడ కొలతను, ఎక్కడ పనితీరును సూచిస్తోందో పెన్సిల్‌తో విడివిడిగా గుర్తు పెట్టుకోండి.