గుంపు అన్నదెవరు?

మా మేనకోడలు ఐదో తరగతి. మొన్న సెలవులకి గూడకి వచ్చి, నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని గట్టిగా వల్లె వేస్తోంది. ఆవుల మంద, పక్షుల గుంపు, మిడతల దండు, చీమల బారు, దొంగల ముఠా. వాటి పక్కన ఇంగ్లీషు మాటలు. చదువుతూ చదువుతూ ఆగి, "మరి మనమేటి మావా? గుంపా, మందా?" అంది. నవ్వొచ్చింది గాని జవాబు రాలేదు. ఇలాంటి జాబితా నేనూ చిన్నప్పుడు బట్టీ పట్టినవాణ్ణే. దాన్ని ఎవరు రాశారని ఎన్నడూ అడగలేదు.

ఇంగ్లీషు జాబితా పుట్టుక మనకి తెలుసు. 1486లో ఇంగ్లండులో 'సెయింట్ ఆల్బన్స్ పుస్తకం' అచ్చయింది. డేగలతో వేట, జింకల వేట, వంశాల ముద్రలు దాని విషయం. డేగా గుర్రమూ ఉన్న ఇళ్ల బిడ్డలు నలుగురిలో ఎలా మాట్లాడాలో నేర్పే పుస్తకం అది. ఏ జంతువుల గుంపుని ఏమనాలో తెలియనివాడు దొర కాడన్నమాట. గోరింక జాతి పిట్టలు గుమిగూడితే 'గొణుగుడు', భరతపిట్టలైతే 'పరవశం'. ఆ కాలపు జాబితాల్లోనే కాకులకి 'హత్య' దక్కింది. మనుషుల్నీ వదల్లేదు. క్రైస్తవ సన్యాసినులు నలుగురు కనిపిస్తే 'అక్కర్లేనంతమంది' అనాలట! గుడ్లగూబల 'పార్లమెంటు' తర్వాతివాళ్లు చేర్చింది. ఎక్కువగా ఒంటరిగానో జంటగానో బతికే పిట్టకి సభ కట్టారు.

అన్నీ చెడ్డవని నేననను. 'గొణుగుడు' మంచి మాట. సాయంత్రం పూట వేల రెక్కలు నెత్తి మీదుగా పోతుంటే కింద నిలబడి చెవి ఒగ్గినవాడి మాట అది. 'హత్య' మాత్రం దూరంనుంచి చూసి జడుసుకున్నవాడిది. ఒక కాకి చచ్చిపడితే ఊళ్లో కాకులన్నీ చేరి అరవడం మనం చూస్తూనే ఉంటాం. ప్రమాదం ఎక్కడుందో అవి అలా తెలుసుకుంటాయని పక్షి శాస్త్రజ్ఞులూ చెబుతున్నారు. అవి వచ్చింది కీడు కనుక్కోడానికి, పేరు పడింది కీడు చేసినట్టు.

ఆ గొణిగే పిట్టల గురించే ఇంకొంచెం చెప్పాలి. అన్ని వేల పిట్టలు ఒకదానికొకటి తగలకుండా ఒక్కసారే ఎలా మలుగుతాయి? వాటి తలపులు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతాయేమోనని 1931లో ఎడ్మండ్ సెలూస్ పుస్తకమే రాశాడు. 1987లో క్రేగ్ రేనాల్డ్స్ కంప్యూటర్‌లో బొమ్మపిట్టలకి మూడే సూత్రాలిచ్చాడు: మరీ ఆనుకోకు, పక్కవాటి దిక్కునే పో, విడిపోకు. అవి నిజం పిట్టల్లాగే ఎగిరాయి. తర్వాత రోమ్ నగరంలో చలికాలం సాయంత్రాలు మేడ మీదనుంచి నిజం పిట్టల ఫొటోలు తీసి లెక్కగట్టారు. 2008లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, ఒక్కో పిట్ట తన చుట్టూ ఉన్న ఆరేడింటిని చూసుకుంటుంది. అవి దగ్గరున్నా, కాస్త ఎడంగా ఉన్నా ఆ ఆరేడే. ముందు నడిపే నాయకుడు లేడు. డేగ మీద పడితే, ఒక అంచున పుట్టిన బెదురు చూస్తుండగానే ఆ అంచుకి పాకిపోతుంది. డేగని చేతిమీద మోసినవాడికి ఇదంతా ఒకే ముద్దలా కనిపించింది.

మన తెలుగు మాటలకీ ఇదే పరీక్ష పెట్టాలి. 'బారు' నిలుస్తుంది. కొంగలు పోయే తీరు అందులో ఉంది. ఆవుల 'కదుపు' పశువులు కాసినవాడి నోటి మాటలా ఉంటుంది. 'దండు' రాజులది. మిడత పంట తినేస్తుంది నిజమే గాని, దానికి సేనాపతి లేడు.

నాకు కోపం తెప్పించేది 'గుంపు'. ఒడిశా అడవుల నుంచి మన మన్యానికి ఏనుగులు వస్తే పేపర్లో 'ఏనుగుల గుంపు బీభత్సం'. మనవాళ్ల పంట పోయింది, మనుషులూ పోయారు, దాన్ని చిన్నది చేయను. కానీ ఏనుగులు తోవన పోయే గుంపు కాదు. పెద్దవయసు ఆడఏనుగు, ఆమె కూతుళ్లు, చెల్లెళ్లు, వాళ్ల పిల్లలు. నీళ్లెక్కడో, దారెక్కడో ఆ పెద్దామెకి ఎరుక. ఆమెని తరిమితే మిగతావి ఎందుకు చెల్లాచెదురై గూడల్లో పడతాయో 'గుంపు' అన్న మాట చెప్పదు.

ఇక 'ముఠా'. 1871 నేరస్త తెగల చట్టం ఏ తెగనైనా, ముఠానైనా, వర్గాన్నైనా నేరస్తులుగా ప్రకటించవచ్చంది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల బిడ్డలు పుడుతూనే ఆ మాట కిందికి పోయారు. పోలీసులకి వేలిముద్రలిచ్చి, ఊరు దాటాలంటే సెలవడిగారు. 1952లో చట్టం రద్దయింది. మాట మాత్రం ఐదో తరగతి నోటుపుస్తకంలో ఇంకా ఉంది.

ఏనుగుల సంగతి చెప్పాక మేనకోడలు పెన్సిల్ తీసి, 'గుంపు' కొట్టేసి 'అమ్మమ్మ, అమ్మలు, పిన్నులు, పిల్లలు' అని రాసుకుంది. పరీక్షలో మార్కు పోతుందే అన్నాను. "పోనీ" అంది. దొంగల పక్కన ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. అక్కడ 'ముఠా' చెరిపేసింది గాని, ఇంకేమీ రాయలేదు.