వికటకవి పరీక్ష

ప్రోగ్రామింగు నేర్వదలచిన యువకులు నన్ను కలిసినప్పుడెల్ల మొట్టమొదట అడుగునది ఒకటే ప్రశ్న: పైథాన్ మంచిదా, జావా మంచిదా, లేక సీ తోనే అక్షరాభ్యాసము చేయుట శ్రేయస్కరమా? అమీర్‌పేట గోడలనిండ వ్రేలాడు కోర్సుల పేర్లు చదువుకొని వచ్చినవారికి ఇట్టి సందేహము కలుగుట సహజమే గాని, దానికి సమాధానము చెప్పుట నేను మానివేసి, వచ్చినవారిచేత ఒక చిన్న అభ్యాసము చేయించుచున్నాను.

అభ్యాసము క్రొత్తది కాదు. ఇచ్చిన పదము ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒకటిగా నుండునో లేదో తేల్చు ప్రోగ్రాము ఇంజనీరింగు ల్యాబు రికార్డులలో తరతరములుగా నున్నదే. ‘మేడమ్’ అను ఇంగ్లీషు మాటతో సరిచూచి, మార్కులు వేయించుకొని, అందరును మరచిపోవునదే. నేను కోరునదెల్ల, తెనాలి రామకృష్ణునికి కాళికాదేవి యిచ్చినదని కథలలో చెప్పుకొను ‘వికటకవి’ బిరుదమును ఆ ప్రోగ్రామునకు తెలుగు లిపిలోనే యిచ్చి చూడుమని. పలక పట్టిన పిల్లవాడు సైతము ఒప్పుకొను ఈ మాటను కంప్యూటరు నిస్సంకోచముగా కాదనును. తిరగవేసిన పదమును తెరపై చూపుమన్నచో, చుక్కల వలయమునకు తగిలించిన గుడి యొకటియు, దాని వెనుక ‘వకటకివ’ అను వింత మాటయు ప్రత్యక్షమగును.

కారణము సులభము. యూనికోడ్ తెలుగునకు కేటాయించిన 128 స్థానములలో హల్లునకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తునకు వేరొక సంఖ్య. మన కంటికి ఒక్కటియైన ‘వి’ యంత్రమునకు ‘వ’యును గుడియును కలిసిన జంట. వరుసను తలక్రిందులు చేయగా చివరి ‘వి’ లోని గుడి ముందునకు వచ్చి దిక్కులేనిదయ్యెను. మొదటి ‘వి’ లోని గుడి పక్కనున్న ‘క’ను పట్టుకొనెను. అయితే తలకట్టునకు వేరు సంఖ్య లేదు. అందుచేత ‘జలజ’ అనియో ‘నటన’ అనియో ఇచ్చి చూచినవాడు తన ప్రోగ్రాము నిర్దుష్టమని నమ్మి హాయిగా నిద్రపోవును. పరీక్షకు ఎన్నుకొన్న మాటయే పరీక్షను వమ్ము చేయుట ఇంత ముచ్చటగా మరియెచ్చటను కనబడదని నా అభిప్రాయము.

పిదప, ‘వికటకవి’లో అక్షరములెన్ని యని యంత్రమును అడుగుమందును. మనము ఐదందుము, స్విఫ్ట్ కూడ 5 అనును, పైథాన్ 7 అనును, సీ లోని స్టర్‌లెన్, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క గుర్తు మూడేసి బైట్లు గనుక, 21 అనును. ఇందు అబద్ధమాడినవారెవ్వరును లేరు. ఒకరు బైట్లను, ఒకరు గుర్తులను, ఒకరు చదువరి కన్నును లెక్కించిరి. సంయుక్తాక్షరములకు వచ్చుసరికి ఆ కన్ను సైతము ఇటీవలనే తెరచుకొన్నది: ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా విరుచు పాత నియమమును మార్చి ఒక్కటిగా నెంచునట్లు చేసినది 2023 నాటి యూనికోడ్ 15.1. కావున పాత లైబ్రరీకిని క్రొత్త లైబ్రరీకిని సమాధానము వేరు కావచ్చును.

ఇదంతయు పండితుల చోద్యమని కొట్టివేయువారికి 2018 ఫిబ్రవరిని జ్ఞాపకము చేయుదును. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీత గుర్తు, దీర్ఘము అను వరుస గల సందేశము వచ్చినంతనే ఐఫోనులలో దానిని చూపబోయిన యాప్‌లు కుప్పకూలినవి, ఐఓఎస్ 11.2.6 సంచిక వచ్చి చక్కదిద్దువరకు ప్రపంచమెల్ల దానిని ‘తెలుగు అక్షరము’ అని ఆడిపోసుకొన్నది. పాపము, సాధారణమైన ‘జ్ఞా’ చేసిన అపరాధమేమియు లేదు. లోపము అక్షరములను తెరపై పేర్చు కోడులోనిది.

మరి సరిగా చేయుట యెట్లని అడుగువారికి, పైథాన్‌లోనైనచో రెజెక్స్ మాడ్యూలును దెచ్చుకొని, బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ తో పదమును కంటికి కనబడు అక్షరములుగా విడదీసి, పిమ్మట తిరగవేయుమని చెప్పుదును. సీ తోనే చేయుదునని పట్టుబట్టు సాహసికులకు మాత్రము ఐసీయూ లైబ్రరీ పేరు చెప్పి (ఆసుపత్రి గది కాదు సుమా), ఒక వారము గడువిచ్చుచున్నాను.