కిరీటం పెట్టే ముందు ఒక మాట

కొత్తమ్మతల్లి జాతర రోజుల్లో కోటబొమ్మాళిలో వేషాల పాక ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు. ముఖానికి పూసే అర్దళం వాసన, కొబ్బరినూనె వాసన, చుట్ట పొగ కలిసి దారి చూపించేస్తాయి. చిన్నప్పుడు అలాంటి పాకలో ఓ మూల నక్కి కూర్చుని చూసిందొకటి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పన్నెండేళ్ల గుంటడొకడు తడిక పక్కనుంచి తొంగిచూసి, "తాతా, నాకూ ఏసం కట్టాలనుంది" అన్నాడు. మా వైపు కొత్త ముఖం కనిపిస్తే మొదట పడే ప్రశ్న ఒకటే: "ఎవులి గుంటడివిరా?" ఆ ఒక్క ప్రశ్నతో ఊరూ, వీధీ, కులమూ మూడూ బయటపడిపోతాయి. మేళం పెద్ద ఆ ప్రశ్న వెయ్యలేదు. అద్దంలోంచి చూపు తిప్పకుండా, "ఏ పద్దెం వచ్చును?" అన్నాడు.

వచ్చిన పద్యం వాడు పాడాడు. శ్రుతి ఎక్కడా కలవలేదు. పెద్దాయన నవ్వలేదు, ఎవరినీ నవ్వనివ్వలేదు. చివరికి అట్ట కిరీటం ఒకటి తీసి వాడి తలమీద పెట్టబోతూ ఆగి ఇలా అన్నాడు: "ఒరే, కత్తి సెక్కదే గాని, ఎదటోడి సెయ్యి నిజంది. అది గేపకం ఉంటే కిరీటం ఎట్టుకో."

మేళాల కట్టుబాట్లన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయని నా నమ్మకం. పద్యం పాడటం, గజ్జె కదపడం, మద్దెల మీద జతి పలికించడం ఎంత కళో, పదిమంది కలిసి వేషం కట్టుకోవడానికి వీలైన కట్టుబాటు కట్టడమూ అంత కళే. ఆ కళకు ఎవరూ శాలువా కప్పలేదు. నేనిప్పుడు ఎందుకు ఎత్తుకున్నానంటే, మా కుర్రాళ్లు ఫోన్లలో వేషాలు కడుతున్నారు. ఒకడు హైదరాబాదు హాస్టల్లో, ఒకడు గల్ఫులో వెల్డింగు పనిలో, ఒకమ్మాయి టెక్కలిలో. రాత్రి పని దిగాక ఒకరు శకుని మాటలు టైపు చేస్తారు, ఒకరు ద్రౌపది జవాబు రాస్తారు. ఇంకొందరు పురాణం వదిలేసి, తాము కల్పించుకున్న రాజ్యాల్లో రాజులూ దొంగలూ అవుతారు. రంగూ లేదు, రంగస్థలమూ లేదు. వేషం మాత్రం వేషమే. తగువులు కూడా పాత తగువులే. "మాకు రూల్సు రాసిపెట్టండి మాస్టారూ" అని అడిగారు. రాద్దామని కూర్చుంటే నాకు పాకే గుర్తొచ్చింది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో ఆడే వీధి భాగవతాన్ని తూర్పు భాగవతం అంటారు. దీని మూలం సిద్ధేంద్రయోగి భామాకలాపంలోనే ఉందని కొందరంటారు, మాది వేరే పాయ అని మా ముసలాళ్లు అనేవారు. తేల్చే పని పండితులు చూసుకుంటారు. కూచిపూడి ఢిల్లీ వెళ్లింది, లండన్ వెళ్లింది. మా మద్దెల జాతర పందిరి దగ్గరే ఉండిపోయింది. నేను మద్దెల పక్షం. దాచడం దేనికి?

ఇక పనితనం. భాగవతంలో ఏ పాత్రా ఊరికే ఊడిపడదు. ప్రవేశ దరువు ఉంటుంది. తానెవరో, ఎవరి కూతురో, ఎందుకు వచ్చిందో, గర్వమెంతో, గుబులెంతో అంతా ఆడుతూ పాడుతూ చెప్పుకుంటుంది. అది పూర్తయ్యేదాకా కథ ముందుకు నడవదు, మిగతా పాత్రలు కాచుకుంటాయి. ఫోను మీద ఆడేవాళ్లకు ఇదే మొదటి కట్టుబాటు. వచ్చిన ప్రతి కొత్తవారికీ ఒక ప్రవేశ దరువు దక్కాలి. నీ పాత్ర ఎవరు, ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు అని నాలుగు వాక్యాలు. అవి రాస్తున్నంతసేపు పాతవాళ్లు వేళాకోళం ఆడకూడదు. పాతవాళ్లలో ఒకరు బదులు పలికి కథలోకి చెయ్యిపట్టి తీసుకురావాలి. ఆ పలకరింపు పాతవారి బాధ్యతే, కొత్తవారు వెంటపడి అడుక్కోవలసింది కాదు.

రెండోది తెర. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న గుడ్డ ముక్క, అంతే. కానీ దానికి ఇవతల సత్యభామ, అవతల బీడీ కోసం తడుముకునే మనిషి. ఆ హద్దు స్పష్టంగా ఉంది కాబట్టే తెర ముందు ఎంత తిట్టుకున్నా తెల్లారి కలిసి గంజి తాగేవారు. ఫోనులో ఆ గుడ్డ లేదు. శకుని ద్రౌపదిని అన్నాడా, ఆ రాసిన కుర్రాడు ఈ అమ్మాయిని అన్నాడా అన్నది తెలియదు. అందుకే తెర మనమే కట్టుకోవాలి. పాత్రగా అన్నదానికి ఒక గుర్తు, మనిషిగా అన్నదానికి ఇంకో గుర్తు. మనిషిగా "ఇక చాలు" అన్న క్షణాన ఆట ఆగాలి, ఎందుకని అడగకూడదు. బల్లమీద ఆడే పాత్రల ఆటల్లో విదేశీయులు దీనికో అట్టముక్క వాడతారు. దానిమీద 'ఎక్స్' గుర్తు ఉంటుంది, తాకితే ఆ సంగతి అక్కడితో సరి, సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. చదివి ముచ్చటపడ్డాను. మా పాకలో దానికి అట్టముక్క కూడా అక్కర్లేదు. మద్దెల మీద ఒక్క దెబ్బ చాలు.

మూడోది నాకు ప్రాణం: జడ. భామాకలాపంలో భామ వేషధారి జడను తెరమీదుగా జనం వైపు వేసేవాడు. నాట్యంలో, అభినయంలో నన్ను ఓడించగలవాడుంటే రండి, ఈ జడ కోసెయ్యండి అని సవాలు. ఎంత పొగరు! కానీ ఆ పొగరులో న్యాయం చూడండి. పందెం తన జడ మీద, ఎదుటివాడి జుట్టు మీద కాదు. గుంపు నడిపేవాళ్లకు ఇంతకంటే పాఠం ఏముంది? నా పాత్రను చంపుకోవడం నా ఇష్టం, నీ పాత్రను చంపాలంటే నీ అనుమతి కావాలి. తీర్పు చెప్పేవాడి జడ కూడా తెరమీద వేలాడాలి. "అడ్మిన్ మాటే చివరి మాట" అని రాసుకున్నవాడు జడను కొప్పులో దాచుకున్నవాడు.

నాలుగోది పౌరాణిక నాటకం వాళ్లది. ఒక్క రాత్రిలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు వస్తారు. పడకసీనుకి ఒకరు, రాయబారానికి మరొకరు. మొదటి కృష్ణుడు వన్స్‌మోర్ల మత్తులో రాగం లాగుతూ కూర్చుంటే రెండో కృష్ణుడికి తెల్లారిపోతుంది. మంచి నటుడు పక్కవాడి వేళ తినడు. పాత్ర ఎవరి పట్టాభూమీ కాదు. వారం రోజులు ఎవరైనా కనబడకపోతే పాత్ర ఎవరికి అప్పగించాలో, తిరిగొస్తే ఎలా ఇవ్వాలో ముందే రాసుకున్న గుంపు విడిపోదు.

కృష్ణుడి మాట వచ్చింది కాబట్టి పీసపాటి నరసింహమూర్తిగారిని తలుచుకోకుండా కదలలేను. 1920లో పుట్టిన మా ఉత్తరాంధ్ర బిడ్డ. తిరుపతి వెంకటకవుల పద్యాన్ని ఆయన నోట విన్నవాడికి కృష్ణుడంటే ఆయనే. ఒక్క మాట మింగేవాడు కాదు, ఒక్క అర్థం జారనిచ్చేవాడు కాదు, సభలో ఎదుట నిలబడ్డ దుర్యోధనుడికి కోపగించుకునేంత జాగా ఉంచేవాడు. ఆ జాగా ఇవ్వడమే మర్యాద. ఇక అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు సరేసరి. చేతులతో ఒక తాళం, కాళ్లతో ఇంకో తాళం వేసి లయబ్రహ్మ అనిపించుకున్న మనిషి, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్. హరికథలో అన్ని వేషాలూ ఆయనవే. రావణుడూ ఆయనే, సీతా ఆయనే. ఒకే గొంతులో ఇద్దరికీ అన్యాయం జరక్కుండా చూశాడే, ఇద్దరు మనుషులుండి మనం చూడలేమా? స్త్రీపాత్రలు కట్టిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన సత్యభామగా వస్తే జనం పాత్రనే చూశారు కానీ, మగవాడికి ఈ వేషమేమిటని అడగలేదు. ఎవరు ఏ వేషమైనా కట్టవచ్చు అన్న రూలు మనకు కొత్తగా ఎవరో నేర్పాలా?

అయినా దూరదేశాల అనుభవం ఒకటి చెప్పుకోవాలి. అమెరికాలో పావెల్ కర్టిస్ 1990లో లాంబ్డామూ అనే ఊరు కట్టాడు. ఇటుక లేదు, సున్నం లేదు, అంతా రాతే. జనం కంప్యూటర్ల ముందు కూర్చుని అందులో వేషాలు కట్టేవారు. బంగిల్ అనే వేషధారి ఒకడు చేతబడి బొమ్మలాంటి ప్రోగ్రాము పట్టుకుని, తక్కిన పాత్రలు వాటంతట అవే నీచమైన పనులు చేస్తున్నట్టు రాసేశాడు. జూలియన్ డిబెల్ 1993లో ఆ కథ పత్రికకెక్కించాడు. ఆ ఊళ్లోవాళ్లు సభ పెట్టారు, గంటలు వాదించుకున్నారు, ఏమీ తేలలేదు. కట్టుబాటు లేదు మరి! చివరికి అధికారం చేతిలో ఉన్నవాడొకడు తనంతట తానే ఆ పాత్రను తుడిచేశాడు. ఆ తర్వాతే అర్జీలూ ఓట్లూ పెట్టుకున్నారు. ఇల్లు కాలాక బావి తవ్వడం అంటే అదే.

ఇప్పుడు ఒక రూలును దగ్గరగా చూపిస్తాను. కుర్రాళ్లు మొదట నా ముందు పెట్టిన కాగితంలో ఇలా ఉంది: "అసభ్య పదజాలము వాడరాదు. అతిక్రమించినవారు తక్షణమే తొలగించబడుదురు." చదవగానే తహసీల్దారు ఆఫీసు గోడ గుర్తొచ్చింది. అసభ్యం అంటే ఏది? కీచకుడు కీచకుడిలా మాట్లాడితే అసభ్యమా? తొలగించేదెవరు? పొరపాటు చేసిన పదిహేనేళ్లవాడికీ, కావాలని వేధించేవాడికీ ఒకటే శిక్షా? మూడు రాత్రులు కూర్చుని ఇలా మార్చాం: "మీ పాత్ర చెడ్డది కావచ్చు. ఆ చెడ్డతనం కథలో పాత్ర మీదే పడాలి. ఆడుతున్న మనిషి కులం, ఊరు, ఒళ్లు, యాస మీద పడకూడదు. ఎదుటి పాత్రకు దెబ్బ, చావు, పెళ్లి రాసేముందు వారిని అడగండి. తప్పితే మొదటిసారి పక్కకు పిలిచి చెబుతాం. రెండోసారి వారం రోజులు వేషం విప్పి కూర్చుని చూడాలి. మూడోసారి ముగ్గురం కూర్చుని మీ మాట కూడా విని తేలుస్తాం. కావాలని వేధిస్తే మాత్రం మొదటిసారే ఆపేస్తాం."

చూడండి, ఇందులో "బడుదురు" లేదు. ఏం చెయ్యకూడదో ఉంది, ఎలా చెయ్యొచ్చో కూడా ఉంది. శిక్షకు మెట్లున్నాయి. ఎలినార్ ఆస్ట్రమ్ అనే పండితురాలు నీళ్లూ, అడవులూ, చేపలవేట పంచుకునే ఊళ్లను చూసి చెప్పిందీ ఇదే: రూలు పాటించేవాళ్లకే రూలు రాసే చోట మాట ఉండాలి, శిక్ష చిన్నగా మొదలవ్వాలి. 2009లో ఆమెకు నోబెల్ వచ్చింది. చెరువు నీటి వంతులు కట్టే మా రైతులు ఆ మాట వింటే, దీనికి బహుమానమెందుకమ్మా అని నవ్వుతారేమో!

ఇక నా మంట కూడా వినండి. ఈమధ్య ఏ గుంపులో చూసినా ఒకే రూల్స్ కాగితం. ఎవడో ఎక్కడో ఇంగ్లీషులో రాసింది, మరెవడో మిషనుతో తెలుగు చేయించింది, నలభై నిబంధనలు, ఒక్కటీ మనిషి రాసినట్టుండదు. అడ్మిన్లు కూడా చదవరు. అది కట్టుబాటు కాదు, ప్లాస్టిక్ తోరణం. మామిడాకు తోరణం కట్టిన ఇంట్లో మనిషున్నాడని తెలుస్తుంది. ఎండ తగిలితే వాడుతుంది, పండగకు మారుస్తారు. ప్లాస్టిక్‌ది వాడదు, ఎవరూ మార్చరు.

కట్టుబాటు వదిలేస్తే ఏమవుతుందో మన కళ్ల ముందే జరిగింది. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యాలోలత్వం కొంపలు ఎలా ముంచుతుందో చెప్పడానికి చింతామణి రాశారు. దాదాపు వందేళ్లు ఆడిన నాటకం. సుబ్బిశెట్టి పాత్రలోకి ఎవడికి తోచిన బూతు వాడు జొప్పించాడు, జనం ఈలలు వేశారు, కాంట్రాక్టర్లు ఇంకాస్త పెంచమన్నారు. ఒక కులం మొత్తం తమను వెక్కిరిస్తున్నారని బాధపడింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం నాకు నచ్చలేదు. కానీ మన సమాజాలే కూర్చుని "రాసిన మాటే ఆడాలి, మనిషి కులాన్ని నవ్వులపాలు చెయ్యకూడదు" అని ఒక్క కట్టుబాటు కట్టుకుని ఉంటే సర్కారు చెయ్యి వేషాల పాకలోకి వచ్చేదా? మన తడిక మనం కట్టుకోకపోతే పక్కవాడు గోడ కడతాడు.

జాతర పందిళ్లలో రికార్డింగు డాన్సులొచ్చాయి, డీజేలొచ్చాయి. మద్దెల గోడకు వేలాడుతోంది. దాన్ని దింపమని ఊళ్లను బతిమాలి బతిమాలి నా నోరు ఎండిపోయింది. ఫోనుల్లో వేషం కట్టే పిల్లలను చూసి ముక్కు విరవకండి, వాళ్లే మన వారసులు కావచ్చు. హరిశ్చంద్రపురంలోనో, నిమ్మాడలోనో, తిలారులోనో ఇంకా వేషాల పెట్టె విప్పగల పెద్దలుంటే వెళ్లి అడగండి. పద్యాలతో పాటు పాకలో పాటించిన మర్యాదలు కూడా రాసుకోండి. ఆ మర్యాదలు పుస్తకంలో దొరకవు, ఆ పెద్దలతోనే పోతాయి.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. గుంపులో చేరేవాళ్ల కోసం ఒక దరఖాస్తు నేనే తయారుచేశాను. పేరు, ఊరు, ఇంటిపేరు అని మూడు గడులు. చెయ్యి అలవాటు కొద్దీ గీసేసింది. టెక్కలి అమ్మాయి చూసి, "ఇంటిపేరు ఎందుకండీ?" అంది, అంతే. నాకు జవాబు రాలేదు. నేను అడుగుతున్నది "ఎవులి గుంటడివిరా" అనేకదా! ఆ రాత్రే ఇంటిపేరు గడి కొట్టేశాను, ఊరు గడి కూడా కొట్టేశాను. ఇప్పుడా కాగితంలో పేరు కింద ఒకటే ప్రశ్న ఉంది: "ఏ పద్దెం వచ్చును?" దాని పక్కన కుర్రాళ్లే చేర్చారు: "రాకపోయినా పర్లేదు, నేర్పుతాం."