గోపీపురపు గ్రంథపేటికలు

సూరతు పేరు వినగానే మనవారికి జరీచీరలును వజ్రపు సానలును స్ఫురించును. మగ్గమును నమ్ముకొని తెలంగాణమునుండి తరలిపోయి అచ్చటి లింబాయతుపేటలో కాపురములు పెట్టిన పద్మశాలీలు స్ఫురింతురు. తపతీతీరమందలి యీ వర్తకనగరము శతాబ్దులుగా గ్రంథములను కూడ దాచుకొన్నదను సంగతి చాలమందికి తెలియదు. తెలిసిన పరదేశి యొకడు 1758లోనే వచ్చెను. ఆంకెతిల్ ద్యూపెరోన్ అను ఆ ఫ్రెంచి యువకుడు పురోహితుడైన దస్తూరు దారాబు నాశ్రయించి పారసీకుల అవెస్తాగ్రంథములను చదువుకొని, 1761లో నగరము విడిచి, మరుసటి యేట 180 వ్రాతప్రతులను పారిసునందలి రాజగ్రంథాలయమునకు సమర్పించెను. ఆ గ్రంథములవలన ఐరోపాలో క్రొత్తవిద్యయే పుట్టినది.

ఓడ యెక్కని గ్రంథములు సూరతులోని గోపీపురమున జైనానంద పుస్తకాలయమువంటి జైనుల జ్ఞానభండారములలో నున్నవి. ఆ గ్రంథముల నిర్మాణము తెలిసికొనదగినది. మన తాటాకు వేఱు, వారి తాటాకు వేఱు. మనవారు ఘంటముతో ఆకును గీరి, పిమ్మట మసి పూసి అక్షరములను తేర్చిరి. గుర్జరదేశపు లేఖకులు ఆకుమీదనే కలముతో సిరా పెట్టి వ్రాసిరి. దీపపు మసిని జిగురుతో దీర్ఘకాలము నూరి చేసిన ఆ సిరాయే, కాగితము వచ్చి తాటాకును త్రోసివేసిన తరువాతను కొనసాగినది. పంక్తులు తిన్నగా వచ్చుటకు, దారములు వరుసగా బిగించిన పలకపై కాగితమును పఱచి వ్రేలితో అదిమినచో, చాళ్లు వానియంతట అవియే తేలును. తప్పు దొరలినచోట కొట్టివేయరు; హరిదళము పూసి, ఆరిన పిదప దానిపై సరియైన యక్షరమును నిలుపుదురు. నడుమ రంధ్రము చేసి త్రాడు దూర్చుట తాటాకునాటి యవసరము. కాగితపు ప్రతులలో త్రాడే లేకున్నను, లేఖకులు ఆ నడిమి చోటును ఖాళీగా విడిచిరి, కొందఱు దానిలో ఎఱ్ఱని చుక్కయు పెట్టిరి. ఏత్వమును హల్లునకు ముందు నిలువుగీతగా వ్రాయు పడిమాత్ర పద్ధతి యెఱుగనివాడు, దేవనాగరిలో ఎంత దిట్టయైనను, మొదటి పంక్తిలోనే తడబడును.

చదువు ముగిసిన గ్రంథమును చెక్కపలకల నడుమ నుంచి, ఎఱ్ఱని గుడ్డలో చుట్టి, గట్టిగా బిగింతురు. కట్టు సడలినచో ధూళియు తేమయు పురుగును చొరబడును. పురుగు చేరకుండ పేటికలో వసకొమ్ము వేయుటయు కలదు. మాటలు వచ్చుటకని మనవారు పసిబిడ్డలకు నాకించు వసయే యది!

ఈ కట్లన్నియు విప్పు దినమొకటి కలదు. అది కార్తీక శుద్ధ పంచమి, జైనులకు జ్ఞానపంచమి. వానకారు వెళ్లి గాలిలో తేమ తగ్గిన ఆ వేళ, పేటికలు తెఱచి, దుమ్ము దులిపి, గ్రంథములను గాలికి పెట్టి పూజింతురు. దీపావళి సెలవుల పిమ్మట గుజరాతు వర్తకులు దుకాణములు తెఱచు లాభపంచమియు అదియే. మనము దసరాలలో పుస్తకములను పీఠముపై పెట్టి నమస్కరింతుము. పూజ ముగియువఱకు చదువరాదనువారును మనలో కలరు. నా కంటికి జైన శ్రావకుల పూజయే మేలుగా తోచుచున్నది.

ఆగమోద్ధారకుడని పేరొందిన జైనాచార్యుడు ఆనందసాగరసూరి, కాగితమును నమ్మలేక కాబోలు, 45 జైనాగమములను 1943లో పాలిటానాయందు పాలరాతిపై చెక్కించి, 1948లో సూరతు ఆగమమందిరమున రాగిరేకులపై నిలిపెను. ఆ మందిరము మాట వినిన తెలుగువానికి తిరుమల తలపునకు రాక మానదు. అన్నమాచార్యుని సంకీర్తనములను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు రాగిరేకుల కెక్కించి స్వామి సన్నిధిని భద్రపఱచెను. చెద తినలేదు, తడి తినలేదు, మనుష్యులే మఱచిరి. 1922లో రేకులు వెలికివచ్చునప్పటికి పల్లవులు, చరణములు, రాగముల పేరులు చెక్కుచెదరక యున్నవి. పాడిన బాణీ మాత్రము ఏ రేకునను లేదు, ఏ కంఠమునను మిగులలేదు.

కావున చదువరులకొక మనవి. ఈ యేడు కార్తీక శుద్ధ పంచమి యెన్నడో పంచాంగమున చూచుకొనుడు. అటకమీద తాతగారినాటి తాటాకుల కట్ట యేదైన మిగిలియున్నచో, ఆనాడు దింపి, దుమ్ము తుడిచి, దారము విప్పుడు. లిపి అందకున్నచో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్యపరిశోధనాలయమున అడుగుడు.