పొగబండికి నీళ్లెవరు పడతారు?

అనంతపురం సీమకు రైలు వచ్చిన కథలో కరువుది పెద్ద వేషమే. మద్రాసు రైల్వే వేసిన వాయవ్య లైను 1871లో రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలతో కలిసింది. గుత్తి, గుంతకల్లు ఆ దారిలోవే. ఐదేళ్లు తిరిగేసరికి ధాత కరువు వచ్చిపడింది. అప్పటికి అనంతపురం విడి జిల్లా కూడా కాదు, బళ్లారిలో ఒక భాగం. జిల్లాగా విడదీసింది 1882లో. మద్రాసు రేవులో దిగిన ధాన్యం రైలెక్కి ఇక్కడిదాకా వచ్చేది కానీ, స్టేషను నుంచి పల్లెకు మోయడానికి ఎద్దులు ఉండేవి కావు. మేత లేక అవి ముందే పోయాయి. పట్టాలు ఎంత దూరం ఉంటే తిండి అంతవరకే వెళ్లగలిగింది. ఆ దెబ్బతో దొరలు కరువు ప్రాంతాలకు ప్రత్యేకంగా రైళ్లు వేయాలనుకున్నారు. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ 1882లో పుట్టింది అందుకే. గుంతకల్లు నుంచి హుబ్లీ వైపు, నంద్యాల మీదుగా బెజవాడ వైపు మీటర్‌గేజి పట్టాలు పరుచుకున్నాయి. 1890ల మొదట్లో ధర్మవరం నుంచి పాకాలకు ఇంకో మీటర్‌గేజి వచ్చింది.

తమాషా ఏమిటంటే, కరువును తట్టుకోవడానికి వేసిన రైలుకు పొద్దున లేస్తే కావలసింది నీళ్లు.

మామూలు మీటర్‌గేజి ఇంజను వెనక ఉండే టెండర్లో పదివేల లీటర్లకు పైనే నీళ్లు పట్టేవి. ఆవిరి అయిపోయిన నీళ్లు పొగగొట్టంలోంచి గాల్లోకి పోవడమే తప్ప తిరిగి రావు. అందుకే లైను పొడవునా ట్యాంకులు, బావులు, ప్లాట్‌ఫారం చివర వంగి ఉండే లావుపాటి నీటి గొట్టాలు. ఎలాంటి నీళ్లో ఒకటైతే దొరికాయి కదా అనడానికి లేదు. ఈ జిల్లా బోర్ల నీళ్లతో పప్పు ఉడకదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ నీళ్లే బాయిలర్లో పోస్తే సున్నపు గార పేరుకుంటుంది. ఇంజనులో నిప్పు మీద ఉండే ఇనుము కరిగిపోకుండా ఉండేది దాని అవతలి పక్క నీళ్లు ఉండటం వల్లే. నీటికీ ఇనుముకూ మధ్య గార అడ్డుపడితే వేడి నీళ్లలోకి పోదు, రేకు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, ట్యూబుల మొదళ్లు కారడం మొదలెడతాయి. నిప్పు పెట్టె పైకప్పులో సీసం నింపిన ప్లగ్గు ఒకటి ఉంటుంది. నీటిమట్టం బాగా తగ్గితే ఆ సీసం కరిగి, ఆవిరి నేరుగా నిప్పు మీదకి చిమ్మి, ఫైర్‌మేన్‌కు ప్రమాదాన్ని చెబుతుంది. ఆ ప్లగ్గు కరిగే స్థితి తెచ్చుకున్న సిబ్బందికి షెడ్డులో తలెత్తుకోవడం కష్టం.

గార పట్టకుండా సున్నం, సోడా కలిపి నీటిని మెత్తబరిచేవారు. అయినా కొంత పడుతుంది కాబట్టి వాష్‌అవుట్ తప్పదు. నిప్పు దించేసి, బాయిలర్‌ను మెల్లగా చల్లారనిచ్చి, అడుగు ప్లగ్గులు విప్పి, పొడుగాటి కడ్డీలు, నీటి ధార పెట్టి లోపలి గారను రాల్చడం. ఇక్కడ తొందర పనికిరాదు. వేడి ఇనుము మీద చన్నీళ్లు కొడితే చీలుతుంది. మళ్లీ రాజేసేటప్పుడూ అంతే. పెద్ద ఇంజనైతే సాయంత్రం నిప్పు పెట్టి, రాత్రంతా కాచుకుని, తెల్లారి ఆవిరి చూస్తారు. ఇనుము అన్ని వైపులా సమంగా సాగాలి మరి. వైపీ, వైజీ అనే మీటర్‌గేజి తరగతుల ఇంజన్లు మన బొగ్గులో బూడిద ఎక్కువని తెలిసి, అందుకు తగ్గట్టు వెడల్పాటి నిప్పు పెట్టెతో గీసినవి. ఆ వెడల్పులో నాలుగు మూలలకూ బొగ్గు సమంగా పడేలా పార విసరడం పుస్తకంలో దొరికే విద్య కాదు.

ఇదంతా ఎందుకంటే, పాత ఇంజన్ల పరిరక్షణ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది సిమెంటు దిమ్మె. స్టేషన్ ముందో, ఆఫీసు ముందో ఒక దిమ్మె కట్టి, దాని మీద ఇంజనును నిలబెట్టి, నల్ల రంగు, ఎర్ర రంగు కొట్టి, చుట్టూ పచ్చగడ్డి వేస్తారు. ఫొటోలకు బాగుంటుంది. ఈ కాలమిస్టుకు ఆ దిమ్మెల మీద కోపం లేదు, అవీ లేకపోతే ఆ ఇంజన్లు ఎప్పుడో తుక్కుగా పోయేవి. కానీ రంగు కింద జరిగేది వేరు. పొగగొట్టానికి మూత వేయకపోతే వాన లోపలికి దిగుతుంది. బాయిలర్ చుట్టూ వేడి పోకుండా చుట్టిన పొర తడిసి, ఆరక, రేకును బయటి నుంచి తింటుంది. పాత ఇంజన్లలో ఆ పొర ఆస్బెస్టాస్ కావచ్చు, చేత్తో ముట్టుకోకూడనిది. ఏటేటా రంగు మందం పెరుగుతుంది, ఇనుము మందం తరుగుతుంది. అనంతపురంలో వాన తక్కువ కనుక తుప్పు కాస్త నెమ్మది. పొడి నేలకు దక్కిన అరుదైన లాభాల్లో ఇదొకటి అనుకోవాలి.

దిమ్మె మీంచి దింపి నడిపించవచ్చా? నడిపించారు, ఎంతో దూరంలో కాదు, మద్రాసు పెరంబూరులో. ఈస్ట్ ఇండియన్ రైల్వే 21వ నంబరు ఇంజను 1855లో ఇంగ్లండు లీడ్స్ నగరంలో తయారైంది. 1909లో విశ్రాంతి ఇచ్చారు. ఆపై నూరేళ్లకు పైగా జమాల్‌పూర్‌లోనూ హౌరాలోనూ ప్రదర్శన వస్తువుగా ఉండిపోయింది. పెరంబూరు లోకో వర్క్స్ పనివాళ్లు దాన్ని తెచ్చి, లేని భాగాలు కొత్తగా చేసి, 2010లో మళ్లీ పట్టాల మీద పరుగెత్తించారు. దాని తోడబుట్టిన 22వ నంబరే ఫెయిరీ క్వీన్. 1997లో అదీ తిరిగి నడిచింది, ప్రపంచంలో నడుస్తున్న ఆవిరి ఇంజన్లలో అతి పాతదిగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2011లో దాని భాగాలు మాయమైతే మళ్లీ పెరంబూరే దిక్కయింది. పాత ఇంజనును బతికించడం ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఎందుకు?

నీలగిరి సంగతి ఇంకా దగ్గరిది. గుంతకల్లు మనుషులకు అలవాటైన మీటర్‌గేజి ఇవాళ దక్షిణాదిలో ఎక్కడైనా మిగిలిందంటే మేట్టుపాళయం నుంచి ఊటీకి ఎక్కే ఆ 46 కిలోమీటర్లే. 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అక్కడి స్విట్జర్లాండ్ ఇంజన్లు అరిగిపోతే, తిరుచిరాపల్లి పొన్మలై వర్క్‌షాపు అదే నమూనాలో కొత్తవి కట్టింది. 2021లో బొగ్గుతో నడిచేది కూడా ఒకటి తయారుచేసింది. కొత్త ఇంజను పాతదే అవుతుందా అని పండితులు వాదించుకోవచ్చు. ఈ కాలమిస్టు మటుకు దాన్ని చూసి ఎక్కువ సంబరపడ్డాడు. బాయిలర్ రేకులు వంచి, రివెట్లు కొట్టి, కొండ ఎక్కించే పళ్ల చక్రం అమర్చడం తెలిసిన కుర్రవాళ్లు ఆ వర్క్‌షాపులో ఇంకా ఉన్నారన్నమాట.

అయితే ఇవన్నీ సర్కారు రైల్వే తన జీతగాళ్లతో చేయించిన పనులు. జీతం లేకుండా, సెలవు రోజున వచ్చి, చేతులు మసిచేసుకుని రైలును నడిపే మనుషులు ఉంటారా?

ఉంటారు. వేల్స్ దేశంలో టాలిథ్లిన్ అనే చిన్న రైలుంది, పట్టాల మధ్య దూరం 2 అడుగుల 3 అంగుళాలు. 1860లలో పలకరాయి మోయడానికి వేసింది. గని మూతపడ్డా యజమాని సర్ హేడన్ జోన్స్ పట్టుదలగా నడిపి, 1950లో కన్నుమూశాడు. ఆ అక్టోబరులో టామ్ రోల్ట్ అనే రచయిత, మరికొందరు బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టి, రైలును మేమే నడుపుతామన్నారు. 1951 మే నెలలో నడిపారు కూడా. అప్పటికి వాళ్ల చేతిలో కదిలే ఇంజను ఒకే ఒక్కటి, డోల్‌గోచ్. పట్టాలు గడ్డిలో మునిగి, స్లీపర్లు పుచ్చి ఉన్నాయి. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపిన మొదటి రైల్వే ప్రపంచంలో అదే. మన ఇళ్లలో పిల్లలు టీవీలో చూసే థామస్ ఇంజను కథలు రాసిన పాదిరీ ఆడ్రీ కూడా అక్కడ గార్డుగా పనిచేసి, ఆ అనుభవంతోనే తన కథల్లో ఒక చిన్న రైల్వేను అల్లాడు.

దూరం నుంచి చూస్తే ఇదంతా ముచ్చటగా ఉంటుంది. దగ్గరికెళితే చాకిరీ. ఇంజను తోలే అవకాశం ఏళ్ల తరబడి పనిచేశాక ఏ కొద్దిమందికో వస్తుంది. మిగతావాళ్లు పిచ్చిమొక్కలు పీకుతారు, బూడిద ఎత్తుతారు, టికెట్లు చింపుతారు, టీ కాస్తారు. అక్కడి పద్ధతి ప్రకారం ఇంజను బాయిలర్‌ను దాదాపు పదేళ్లకోసారి పూర్తిగా విప్పాలి. ట్యూబులన్నీ పీకి, లోపల చూసి, మామూలు ఒత్తిడి కన్నా ఎక్కువ ఒత్తిడితో నీళ్లు నింపి పరీక్షించి, ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటేనే మళ్లీ నిప్పు. డబ్బు చందాల నుంచి, టికెట్ల నుంచి, దుకాణంలో అమ్మే బొమ్మల నుంచి రావాలి. వేల్స్‌లోని బ్యారీ తుక్కు దుకాణంలో ఏళ్ల తరబడి ఉప్పుగాలికి నిలబడిన 213 ఇంజన్లను ఇలాంటి సంఘాలే ఒక్కొక్కటిగా కొనుక్కుపోయాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ నడవలేదు. కొనడం తేలిక, నడపడానికి ఒక తరం పడుతుంది. ఇప్పుడు బొగ్గు చిక్కొకటి. 2023లో వేల్స్‌లోని ఫాస్-ఇ-ఫ్రాన్ గని మూతపడ్డాక వాళ్లు పరాయి దేశాల బొగ్గు మీద ఆధారపడుతున్నారు. సింగరేణి ఉన్న మనకు ఆ బెంగ లేదు.

మన దేశంలో అలాంటి మనిషి కోసం వెతికితే మైఖేల్ సాటో కనిపిస్తాడు. రసాయనాల కంపెనీ అధికారి. ఉద్యోగం వేరు, ప్రాణం రైళ్ల మీద. పాటియాలా సంస్థానం నాటి ఒంటి పట్టా రైలు తుక్కులో పడి ఉండగా 1962లో దాన్ని కనిపెట్టాడు. అమృత్‌సర్ వర్క్‌షాపులో దాన్ని బాగుచేశారు. ఢిల్లీలో 1977లో తెరిచిన రైలు మ్యూజియం వెనకా ఆయన చెయ్యి ఉంది. ఒక మనిషి సెలవు రోజుల ఇష్టం వల్ల ఇంత జరిగింది.

అనంతపురం సీమలో అలాంటి ఇష్టానికి కొరత ఉందనుకోవడం పొరపాటు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికొచ్చి ఆర్‌డీటీ అనే సేవాసంస్థను నాటితే ఊళ్లకు ఊళ్లు చెయ్యి కలిపాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990 నుంచి టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ ఎండిన గుట్టల మీద అడవిని తిరిగి పెంచింది. నిమ్మలకుంటలో తోలుబొమ్మల పనిని తండ్రి పక్కన కూర్చునే పిల్లలు నేర్చుకుంటారు. జనం ఉన్నారు, ఓపిక ఉంది. లేనిది మీటర్‌గేజి పట్టా. బెంగళూరు లైను 1980లలో, నంద్యాల, హుబ్లీ లైన్లు 1990లలో బ్రాడ్‌గేజి అయ్యాయి. 2010 ప్రాంతానికి ధర్మవరం–పాకాల కూడా మారిపోయింది. నల్లమలలో పాత దారి దొరబావి వంతెన స్తంభాలు చూస్తే మీటర్‌గేజి ఎంత శ్రమతో వేశారో తెలుస్తుంది, అంతే. ఐదు దిక్కులకు రైళ్లు పంపే గుంతకల్లు జంక్షన్‌లో ఒకప్పుడు చిన్న బండి సరుకును కూలీలు భుజాన వేసుకుని పెద్ద బండిలోకి మార్చేవారు. ఇప్పుడు ఆ అవసరమే లేదు. పట్టాలూ స్థలమూ రైల్వేవే కాబట్టి సంఘం పెట్టుకున్నంత మాత్రాన రైలు నడపడం కుదరదు. రైల్వే ఒప్పుకోవాలి, చెయ్యి కలపాలి.

ఇంకో లోటు సమయం. 1990లో పాతికేళ్ల ఫైర్‌మేన్ ఇప్పుడు అరవై దాటాడు. అతనికి నేర్పిన డ్రైవర్లు చాలామంది లేరు. గుంతకల్లు, గుత్తి రైల్వే కాలనీల చుట్టుపక్కల విశ్రాంత ఉద్యోగులను కూర్చోబెట్టి వీడియో తీయాలని ఎవరైనా అంటే మంచిదే. కానీ ఫిట్టరు చేతిలో ఇనుప ముక్క లేకుండా సగమే చెబుతాడు. బాయిలర్లో నీటిమట్టం చూపే గేజి గ్లాసు పగిలితే ఏం చేయాలో అడగండి, మాటలతో రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాడు. చేతిలో దాని కాక్ పెట్టండి, చెయ్యి తనంతట తనే కదిలి చూపిస్తుంది.

అందుకని ఈ కాలమిస్టు సలహా, ఎవరూ అడగకపోయినా, ఇంజనుతో మొదలెట్టవద్దని. ఇంజనుకు బాయిలర్ పరీక్షలు, మెత్తటి నీళ్లు, లక్షల ఖర్చు. మొదట ఒక పాత పెట్టెను తెచ్చుకోవాలి. హైదరాబాదులో కాచిగూడ స్టేషను బయట పాత పెట్టెను హోటలు చేశారు. దాన్ని తప్పుపట్టేందుకేం లేదు కానీ, ఆ పెట్టె కింద బోగీ స్ప్రింగులు, వాక్యూమ్ బ్రేకు సిలిండరు ఎవరికీ అక్కర్లేదు. మనకు కావలసింది సరిగ్గా అవే. గాలి బ్రేకులు వచ్చాక వాక్యూమ్ బ్రేకు సరిచేసే చెయ్యి అరుదైపోయింది. ఆ విద్య తెలిసిన విశ్రాంత ఫిట్టరు ఒకరు, కొయ్య పని తెలిసిన వడ్రంగి ఒకరు, ఐటీఐ పిల్లలు నలుగురైదుగురు, రైల్వే ఇచ్చే ఒక పాత సైడింగు, పైన నీడకు రేకుల షెడ్డు. అనంతపురం ఎండలో రంగు వేయాలంటే షెడ్డు లేకుండా కుదరదు. కొయ్య ఎక్కడ పుచ్చిందో, బీడింగు కింద తేమ ఎక్కడ చేరిందో చూసుకుని, బ్రేకు పెట్టి, పది గజాలు ముందుకీ వెనక్కీ తోసి, ఆగుతుందా లేదా చూసుకోవాలి. ఆగితే ఇంజను సంగతి ఆలోచిద్దాం.