నీలం లేని నీలగిరులు

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న అల్ఫారెట్టాలోని తెలుగు కుటుంబాలకు అక్టోబరు అంటే కొండల నెల. ఆకులు రంగు మారే వేళకు ఉత్తర జార్జియా కొండలకు వెళ్ళి వారు తెచ్చుకునే ఛాయాచిత్రాల నిండా ఎరుపు, పసుపు, వాటి వెనుక నీలం. ఆ శ్రేణి పేరు బ్లూ రిడ్జ్. తెలుగులో చెప్పుకుంటే నీలగిరి. పేరులోనే రంగున్న కొండలను నలుపు తెలుపులలో చూపబూనడం అసంగతమని తోచవచ్చు. ఆ నీలం ఎక్కడిదో విచారిస్తే ఆ అసంగతి విడిపోతుంది.

చెట్లు వెలువరించే ఐసోప్రీన్, టెర్పీన్ వంటి ఆవిర్లు గాలిలో మార్పు చెంది సూక్ష్మకణాలవుతాయి. అవి వెలుతురులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. కంటికీ కొండకూ నడుమ గాలి ఎంత ఎక్కువ ఉంటే ఆ తెర అంత చిక్కన. అంటే ఈ నీలం కొండ ఒంటి రంగు కాదు, దూరానికి కొలత. రంగు తీసివేసినా కొలత మిగులుతుంది: దగ్గరి కొండ నలుపు, దాని వెనుకది బూడిద, ఆ వెనుకది ఇంకా పలచన. ఎక్స్‌రేలోని ఛాయలనుంచి వైద్యుడు దేహంలోని సాంద్రతను చదివినట్లే, ప్రేక్షకుడు ఈ ఛాయలనుంచి దూరాన్ని చదువుతాడు.

నలుపు తెలుపు పర్వతచిత్రం అనగానే గుర్తొచ్చే పేరు ఆన్సెల్ ఆడమ్స్. 1927లో యోసెమిటీలోని హాఫ్ డోమ్ శిలను తీస్తూ ఆయన ముదురు ఎర్ర ఫిల్టరు వాడారు. అది నీలాన్ని అడ్డగించడంతో ఆకాశం దాదాపు నల్లబడి, శిల విగ్రహంలా ముందుకు వచ్చింది. పొడిగాలిలో నిలిచిన నగ్నశిలకు ఆ పద్ధతి చక్కగా అమరింది. అడవి కప్పిన అపలాచియన్ శ్రేణులపై అదే ఫిల్టరు పెడితే, అది తొలగించేది ఆ దూరపు తెరనే. వెనుక కొండలు ముందు కొండలతో కలిసిపోతాయి. ఆడమ్స్ 1948లో స్మోకీ పర్వతాలలో తీసిన ప్రసిద్ధ చిత్రం దూరపు శ్రేణులది కాకపోవడం గమనార్హం. అది శరత్కాలపు వేకువలో దగ్గరగా నిలిచిన చెట్లది.

ఆ శ్రేణులకు తగిన చూపు జపాన్ నుంచి వలసవచ్చి, 1915లో ఆష్‌విల్ చేరి, అక్కడ హోటలు ఉద్యోగంతో మొదలుపెట్టిన జార్జ్ మాసాది. బరువైన కెమెరాలను శిఖరాలకు మోసుకెళ్ళి, మబ్బు కుదిరేవరకు వేచి ఉండేవాడు. ఆయన చిత్రాలలో మంచు, మబ్బు అడ్డంకులు కావు, కొండలతో సమానమైన పాత్రలు. ఇందులో అందానికి మించిన ప్రయోజనముంది. కలప కంపెనీలు స్మోకీ అడవులను నరుకుతున్న కాలమది. జాతీయోద్యానం కోసం హొరేస్ కెఫార్ట్ రచనలతో పాటు మాసా చిత్రాలూ వాదించాయి. ఒక్క శిఖరాన్ని ఘనంగా చూపితే ఆ వాదం నిలవదు; వరుస వెనుక వరుసగా సాగే అవిచ్ఛిన్న విస్తృతిని చూపాలి. ఆ పని చేసింది పలచబడుతూ పోయే బూడిద ఛాయలే. 1933లో మాసా మరణించాడు. 1934లో ఉద్యానం ఏర్పడింది. 1961లో అక్కడి ఒక శిఖరానికి ఆయన పేరు పెట్టారు.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. ఎర్రబారిన మేపుల్ ఆకు, పచ్చని పైన్ కొమ్మ నలుపు తెలుపులో ఒకే బూడిదగా మారవచ్చు. అక్టోబరు అడవికి రంగే భాష. రంగు తీసివేయడం దానికదే గాంభీర్యం కాదు. నేడు కంప్యూటరులో పొగమంచును చెరిపే మీట ఒకటి ప్రతి కొండనూ యోసెమిటీ శిలగా మార్చడానికి సిద్ధంగా ఉంది. అలా మారిన బ్లూ రిడ్జ్ చిత్రంలో స్పష్టత పెరుగుతుంది, దూరం తరుగుతుంది. కనుక ఇటువంటి చిత్రం ముందు అడగవలసిన ప్రశ్న నలుపు ఎంత గాఢంగా ఉందన్నది కాదు, ఎన్ని వరుసల కొండలను లెక్కపెట్టగలమన్నది.