దక్షత పొయ్యిదా, గిన్నెదా?

గోదావరిఖని, రామగుండం ప్రాంతపు విద్యార్థికి ఇంధనమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక వైపున సింగరేణి గనులు బొగ్గును పైకి తెస్తున్నవి. మరొక వైపున, 1983లో ఉత్పత్తి ప్రారంభించిన రామగుండం థర్మల్ విద్యుత్కేంద్రం ఆ బొగ్గును మండించి విద్యుత్తుగా మారుస్తున్నది. అటువంటి కేంద్రంలో బాయిలరు దక్షత ఎంత అని అడిగితే, ఎంత లోడు మీద, ఏ రకం బొగ్గుతో అని ఇంజనీరు ఎదురు ప్రశ్న వేస్తాడు. వంట పొయ్యి విషయం వచ్చేసరికి మాత్రం "దీని దక్షత ఇంత శాతం" అని ఒక్క అంకెతో సరిపెట్టుకొనుట పరిపాటి. ఏ గిన్నెతో అన్న ప్రశ్న తట్టదు. ఈ అలవాటు శాస్త్రీయమైనది కాదు. వంటింటికి నష్టం కూడా తెచ్చినది.

పాఠశాలలోని స్పిరిటు దీపంతోనే ఈ సంగతి తేలుతుంది. దక్షత అంటే నీటికి చేరిన ఉష్ణానికీ, ఇంధనం ఇచ్చిన ఉష్ణానికీ గల నిష్పత్తి. ఒక గ్రాము ఇథైల్ ఆల్కహాలు పూర్తిగా మండితే సుమారు 27 కిలోజౌళ్ల ఉష్ణం లభిస్తుంది. అరకిలో నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీల సెంటీగ్రేడుకు తెచ్చుటకు 0.5 × 4.18 × 70, అనగా 146 కిలోజౌళ్లు కావలెను. వెడల్పు గిన్నెతో ఈ పనికి 10 గ్రాముల ఆల్కహాలు పట్టినదనుకొంటే దక్షత 54 శాతం. ఇరుకు గిన్నెతో 14 గ్రాములు పడితే 39 శాతమే. దీపం అదే, వత్తి అదే, నీరు అంతే. మారినది గిన్నె ఒక్కటే. ఈ గ్రాములు ఉదాహరణకు తీసుకొన్నవి. నిజమైన అంకెలను దీపాన్ని ముందూ వెనుకా తూచి విద్యార్థులే తెలుసుకొనవచ్చును. స్పిరిటు మంట పగటి వెలుగులో సరిగా కనబడదు. కాబట్టి మండుతున్న దీపంలో స్పిరిటు ఎన్నడూ పోయరాదు.

గిన్నె మారితే ఇంత భేదం ఎందుకు? మంట నుండి లేచిన వేడి వాయువులు గిన్నె అడుగును తాకి, అంచు వరకు ప్రాకి, ఆ తరువాత గాలిలో కలుస్తాయి. ఆ కొద్ది ప్రయాణంలో ఇవ్వగలిగినంత ఉష్ణాన్నే నీటికి ఇస్తాయి. 16 సెంటీమీటర్ల వ్యాసం గల గిన్నె అడుగు వైశాల్యం సుమారు 201 చదరపు సెంటీమీటర్లు. 24 సెంటీమీటర్లదైతే 452. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది. ఇరుకు గిన్నె ప్రక్కల నుండి పైకి ఎగబ్రాకే మంట వంటగదిని వేడిచేయుటకే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

అయితే గిన్నె ఎంత పెద్దదైతే అంత మేలనుకొనుట కూడా పొరపాటే. అరకిలో బరువున్న అల్యూమినియం గిన్నె 70 డిగ్రీలు వేడెక్కుటకు తానే సుమారు 31 కిలోజౌళ్లు మ్రింగుతుంది. అందులో పావుకిలో నీరు మాత్రమే ఉంటే, నీటికి కావలసినది 73 కిలోజౌళ్లు. అంటే లోహం వాటా తక్కువేమీ కాదు. పైగా వెడల్పు గిన్నెలో నీటి ఉపరితలం కూడా పెద్దదే గనుక, మూత లేకపోతే ఆవిరి రూపంలో నష్టం పెరుగుతుంది.

బొగ్గు పొయ్యి విషయంలో ఈ చిక్కు మరింత తీవ్రం. ఇనుప బకెట్టుకు లోపల మట్టి పూసి, అడుగున కమ్ములు అమర్చిన పొయ్యి గని ప్రాంతాలకు చిరపరిచితం. అందులో బొగ్గు ఒకసారి రాజుకొన్న తరువాత గ్యాసు మంటవలె తగ్గించుటకు వీలు లేదు. పెద్ద నిప్పు మీద చిన్న టీ గిన్నె పెడితే, ఉష్ణంలో అధిక భాగం వృథా. అదే పొయ్యి పది మందికి అన్నం వండే గుండిగ క్రింద చక్కని పొయ్యి అనిపించుకొంటుంది.

పొయ్యిని బాగుచేయవలెనన్న ప్రయత్నం తెలుగునాట కొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్.పి.రాజు పొగగొట్టంతో, పలు గిన్నెలు వరుసగా కూర్చొనే పొయ్యిని రూపొందించి, 1953లో పొగలేని వంటిళ్లపై ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించినారు. పొగను ఇంటి బయటకు పంపుట గొప్ప మేలు. కాని ఇటువంటి పొయ్యిలన్నింటిలో గిన్నె రంధ్రానికి సరిగా అతకవలెను. సందు ఉంటే పొగగొట్టం చల్లని గాలిని లోపలికి లాగుతుంది. ఒకే కూర వండిన పూట రెండవ రంధ్రం ఉష్ణం వృథా అవుతుంది. 1983లో మొదలై 2002లో ముగిసిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం క్రింద కట్టిన పొయ్యిలలో అనేకం వాడుక తప్పినవి. కారణాలు పలు విధాలు. ఇంటి గిన్నెలకు పొయ్యి నప్పకపోవుట వాటిలో ఒకటి.

పరీక్షా పద్ధతిలోనూ లోపమున్నది. నీరు మరిగించు పరీక్షలో, ఆవిరైన నీటి గుప్తోష్ణాన్ని కూడా ఉపయోగపడిన ఉష్ణంగా లెక్కించే పద్ధతి చాలాకాలం నడిచినది. కిలో నీరు ఆవిరి అగుటకు సుమారు 2257 కిలోజౌళ్లు పడుతుంది. కనుక మూత తీసి, భగభగ మరిగించి ఆవిరిని గాలిలో కలిపిన పొయ్యికే మంచి అంకె వస్తుంది! పప్పు ఉడుకుటకు కావలసినది వేడి నిలకడ, ఆవిరి కాదు. ఇల్లాలు మూత పెట్టి సెగ తగ్గించి చేసే పొదుపును ఈ లెక్క నష్టంగా చూపుతుంది.

ఇంటి గ్యాసు పొయ్యికి భారతీయ ప్రమాణం కనీసం 68 శాతం దక్షతను కోరుతుంది. అయితే బర్నరు గ్యాసు వాడకాన్ని బట్టి పరీక్ష గిన్నె కొలతను కూడా నిర్ణయిస్తుంది. మార్గం అదే. విజ్ఞాన ప్రదర్శనకు పొయ్యి నమూనా తెచ్చిన విద్యార్థి దక్షత అంకె ప్రక్కన గిన్నె వ్యాసం, దాని లోహం, బరువు, నీటి పరిమాణం, మూత ఉన్నదీ లేనిదీ తప్పక వ్రాయవలెను. కనీసం మూడు కొలతల గిన్నెలతో ప్రయోగం చేయవలెను. ఆ వివరాలు లేని అంకెకు ఉపాధ్యాయులు మార్కులు వేయకుండుటే న్యాయం.